తిరునాళ్ళ దారిలో ట్రాక్టరు నిలిచిన వేళ

మాఘమాసమున బహుళపక్షము ప్రవేశింపగానే గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెలలో కోటప్పకొండ తిరునాళ్ళ సందడి మొదలగును. అప్పటికి కళ్ళములలో మిరపపండ్లు ఎఱ్ఱగా ఆరబోసి యుండును. పత్తిచేలలో కడపటి తీతలు ముగిసి, కట్టె పెరుకు పనులు సాగుచుండును. ఇంత పనిలోను మహాశివరాత్రికి కొండకు పోవలెనను మాట ఏ యింటను వాయిదా పడదు. నరసరావుపేటకు సమీపమున, 2022వ సంవత్సరమున నేర్పడిన పల్నాడు జిల్లాలో, మూడు శిఖరములతో నిలిచియున్న యీ త్రికూటాద్రి యీ రేగడి సీమలోని రైతుకుటుంబముల కెల్ల ఇలవేల్పు.

పూర్వము గూడుబండ్లు కట్టుకొని పోయెడివారు. బండి క్రింద లాంతరు, ఇరుసు ప్రక్కన కందెనగొట్టము, లోపల గడ్డిమోపు, అటుకులమూట, నీళ్ళకుండ, అదనముగా నొక చీల, నొక మోకు లేనిదే ఇంటి పెద్ద బండి కదలనిచ్చెడివాడు కాడు. ఇప్పుడు ఆ స్థానమున ట్రాక్టరు వచ్చినది. మిరపటిక్కీలను గుంటూరు యార్డునకు చేరవేయు ట్రక్కులోనే గడ్డి పఱచి, పైన టార్పాలిన్ పట్ట కట్టి, వంటపాత్రలు, బియ్యము, పిల్లలు, ముసలివారు అందఱు నందులోనే సర్దుకొని బయలుదేరుదురు. కొండక్రింద ఆరుబయట బస చేసి, రాత్రి జాగరణముండి, ప్రభల వెలుగు చూచి, మఱునాడు ఇల్లు చేరుదురు. బండి మాఱినది గాని బస మాఱలేదు. అయితే బండితోపాటు ఉండవలసిన ఆ పాత జాగ్రత్తలు మాత్రము ఎక్కడనో జాఱిపోయినవి.

ఎద్దు అలసినచో ముందుగానే నడక తగ్గించి తెలుపును. యంత్రము చాలమాఱులు నడిదారిలో చెప్పక నిలిచిపోవును. నిలిచినప్పుడు మగవారందఱు ఇంజను చుట్టు మూగుదురు. ఒకడు పానా పట్టును, ఒకడు సలహా చెప్పును, ఒకడు డ్రైవరును తప్పు పట్టును. వెనుక ట్రక్కులో ఇరువదిమంది కూర్చుండి యున్నారన్న మాట ఆ తొందరలో ఎవరికిని జ్ఞప్తి యుండదు. ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఒక్కటే. బండి నిలిచినచో మొదట మనుష్యులను చూడవలెను, పిమ్మటనే యంత్రమును చూడవలెను. ఈ క్రమమును తప్పకుండ నడుపగలవారు ఇంజనువంక చూడక పిల్లలవంక చూచుచుండువారే. అనగా స్త్రీలే.

ఆపద ఎంతటిది?

ఇది వట్టి భయము కాదు. 2020 మే నెలలో ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలములోని రాపర్ల వద్ద, మిరపకోతకు పోయి ఇండ్లకు వచ్చుచున్న కూలీల ట్రాక్టరు విద్యుత్స్తంభమును ఢీకొనగా, తీగలు మీద పడి పలువురు ప్రాణములు గోల్పోయిరి. ఆ మఱుసటి నెలలోనే కృష్ణా జిల్లాలో వేదాద్రి నరసింహస్వామిని దర్శించి మరలుచున్న భక్తుల ట్రాక్టరును జగ్గయ్యపేట ప్రాంతమున లారీ ఢీకొని 10 మందికి పైగా మరణించిరి. 2023 జూనులో గుంటూరు జిల్లా వట్టిచెఱుకూరు వద్ద శుభకార్యమునకు పోవుచున్న బంధువుల ట్రాక్టరు బోల్తాపడి మఱికొన్ని కుటుంబములు దుఃఖము పాలైనవి. వీరిలో ఒకరు కూలికి పోయిరి, ఒకరు దైవదర్శనమునకు పోయిరి, ఒకరు పేరంటమునకు పోయిరి. బండి మాత్రము అందఱకు నొక్కటే: సరకుల కొఱకు చేసిన ట్రక్కు. అందులో పట్టుకొనుటకు కమ్మి లేదు, కూర్చుండుటకు పీట లేదు. పొలము పనులకు వాడు అధిక సంఖ్యాకములైన ట్రక్కులకు తమ సొంత బ్రేకు కూడ లేదు.

చట్టము మాటయు తెలిసికొనుట మేలు. సరకుల బండిలో జనులను ఎక్కించుటను మోటారు వాహనముల చట్టము అంగీకరింపదు. అట్టి బండిలో ఊరక ఎక్కిన ప్రయాణికులకు తప్పనిసరి బీమాలో రక్షణ లేదని సర్వోన్నత న్యాయస్థానము 2002వ సంవత్సరమున తీర్పు చెప్పినది. అనగా ఇంటి యజమానికి ఏదైన జరిగినచో, ట్రాక్టరునకు బీమా యున్నను ఆ ధనము పిల్లలకు దక్కునను నమ్మకము లేదు. కావున మా మొదటి సలహా యేమనగా: శివరాత్రికి ఆర్టీసీవారు కొండకు ప్రత్యేకముగా బస్సులు నడుపుదురు. ముసలివారిని, గర్భవతులను, చంటిపిల్లల తల్లులను బస్సులో పంపి, ట్రక్కులో సామానులు మాత్రము పంపుట యుత్తమము. ఇది తెలిసియు ఇంకను వేలకొలది కుటుంబములు ట్రక్కులలోనే పోవుచున్నవి. కావున అట్లు పోవువారి క్షేమము కొఱకు మిగిలిన మాటలు వ్రాయుచున్నాము.

బయలుదేరుటకు ముందు

ట్రక్కును ముందునాడే కడిగింపవలెను. నెల దినములుగా మిరపకాయలు మోసిన ట్రక్కులో అడుగు పలకల సందులయందు కారము నిలిచియుండును. గాలికి లేచి పిల్లల కండ్లలో పడినచో ప్రయాణమంతయు ఏడుపే. పురుగుమందుల డబ్బాలు మోసిన ట్రక్కైనచో సబ్బునీళ్ళతో ఒకటికి రెండుసారులు కడిగి ఎండబెట్టి, ఆపైననే గడ్డి పఱవవలెను. మందు వాసన పోకున్నచో ఆ ట్రక్కులో అన్నపుమూటలు పెట్టనే కూడదు.

నీళ్ళు రెండు విధములుగా వేఱు చేయవలెను. త్రాగునీళ్ళ బిందెలు వేఱు, ఇంజనునకు పోయు నీళ్ళ డబ్బా వేఱు. ఈ యేర్పాటు లేనిచో, ఇంజను వేడెక్కినప్పుడు మొదట ఖాళీ యగునది పిల్లల బిందెయే. ఫాల్గుణమునకు ముందే మా ప్రాంతమున మధ్యాహ్నపుటెండ ముదురును. ఉపవాసమున్నవారికి దారిలో నీళ్ళు లేకపోవుట చిన్న సంగతి కాదు. ఒక చిన్న సంచిలో ఉప్పు, చక్కెర, దూది, గుడ్డపీలికలు, కాలిన గాయములకు వైద్యులు చెప్పిన పూతమందు, ఇంటిలో ఎవరైన నిత్యము వాడు మాత్రలు పెట్టి, ఆ సంచి ఒకరి యొడిలోనే ఉండునట్లు చూడవలెను. సామానుల అడుగున పడిన మందు లేనిదానితో సమానము.

పనిముట్లలో ఇవి యున్నవో లేవో ఇంటి యిల్లాలు తానే యడిగి కంటితో చూడవలెను: జాకీ, దాని క్రింద వేయుటకు ఒక మందపు చెక్క, చక్రముల కడ్డముగా పెట్టుటకు రెండు పెద్ద చెక్కదిమ్మలు, అదనపు ఫ్యాను బెల్టు, ట్రక్కునకు సరిపడు అదనపు చక్రము, ట్రక్కును ట్రాక్టరునకు కలుపు ఇనుప పిన్ను ఇంకొకటి, గట్టి మోకు, వెలుగు తగిలిన మెఱయు ఎఱ్ఱని త్రికోణపు పలకలు రెండు, రెండు టార్చిలైట్లు. ట్రక్కు వెనుక ఎఱ్ఱదీపము వెలుగుచున్నదా యని చీకటి పడకముందే చూడవలెను. “ఆడవారి కిది యెందుకు” అని ఎవరైన నవ్వినచో, పొయ్యిలోనికి కట్టె లేకుండ వంటకు కూర్చుండు ఇల్లాలు ఉండునా యని అడుగుడు.

పిల్లల జేబులలో తండ్రి పేరు, ఊరు, ఫోను నంబరు వ్రాసిన చీటి పెట్టవలెను. తిరునాళ్ళలో తప్పిపోయిన బిడ్డకు అదియే నోరు. ట్రక్కులో ఎక్కినవారి నందఱను లెక్కించి ఆ సంఖ్య ఇద్దఱు స్త్రీలు గుర్తుంచుకొనవలెను. ట్రాక్టరు చక్రముపైనున్న మడ్‌గార్డు మీద పిల్లలను కూర్చుండబెట్టుట పలుచోట్ల ముద్దుగా చేయు పని. ఒక్క గుంట చాలును, బిడ్డ పెద్దచక్రము క్రిందికి జాఱుటకు. అది యెంత ఏడ్చినను అక్కడ కూర్చుండనీయరాదు.

నిలిచిన మొదటి నిమిషములు

కొండపై గొల్లభామ ఆనందవల్లి కథ మన కందఱకు తెలిసినదే. స్వామి ఆమె భక్తికి మెచ్చి, ఆమె వెంట క్రిందికి వచ్చెదననియు, వెనుదిరిగి చూడరాదనియు చెప్పెనట. ఆమె బ్రహ్మశిఖరము కడ వెనుదిరిగి చూడగా స్వామి అక్కడనే నిలిచిపోయెను. భక్తురాలికి ఆజ్ఞ అది. ట్రక్కులో కూర్చున్న ఇల్లాలి ధర్మము వేఱు; ఆమె వెనుకకే చూచుచుండవలెను. డ్రైవరునకు ముందుదారి తప్ప మఱొకటి కానరాదు. ఇంజను మ్రోతలో వెనుకవారి కేక వినబడదు. వెనుకనుండి వచ్చు లారీని మొదట చూడగలవారు ట్రక్కులోనివారే.

బండి నిలిచిన వెంటనే దానిని వీలైనంత ఎడమకు, దారి యంచునకు తీయింపవలెను. పిమ్మట ట్రక్కు చక్రములకు దిమ్మలో రాళ్ళో అడ్డము పెట్టవలెను. దారి ఎగువకు పోవుచున్నచో చక్రముల వెనుకను, దిగువకు పోవుచున్నచో ముందును పెట్టుట పద్ధతి. ఎటు దొరలునో తెలియనిచో రెండువైపులను పెట్టవలెను. ఆపైన అందఱు దిగవలెను. దిగునప్పుడు దారివైపు గాక అంచువైపునకే దిగవలెను. దిగినవారు బండి వెనుకను, ముందును నిలువక, దారి విడిచి చేనిగట్టు మీదికి పోయి యొక్కచోట కూర్చుండవలెను. అక్కడ ఎక్కినప్పటి లెక్క సరిచూడవలెను.

“ఒక్క నిమిషములో బాగగును, దిగ నక్కఱలేదు” అను మాట ఎవరన్నను వినరాదు. దారిలో నిలిచిన ట్రక్కును చీకటిలో వెనుకనుండి వచ్చి ఢీకొనుట ఆ యొక్క నిమిషములోనే జరుగును. పగలైనను మఱచి విడువక, ఎఱ్ఱపలకలలో నొకటి బండికి వెనుకగా ఏబది అడుగులకు పైబడి, ఇంకొకటి అంతకు రెట్టింపు దూరమున నిలుపవలెను. మలుపైనచో మలుపునకు అవతల నిలుపవలెను. నాగార్జునసాగరు కుడికాలువ వచ్చినది మొదలు మన పల్లెదారులు చాల భాగము కాలువగట్ల వెంబడి సాగుచున్నవి. కాలువగట్టున నిలిచినచో పిల్లలను నీటివైపు పోనీయక ఒక పెద్దను కావలి పెట్టవలెను.

జాతీయరహదారిమీద నిలిచినచో 1033 నంబరునకు ఫోను చేసిన సాయము వచ్చును. చిలకలూరిపేట, ఒంగోలు మీదుగా పోవు 16వ నంబరు రహదారి అట్టిదే. ఏ ఆపదకైనను 112, గాయపడినవారికై 108, విద్యుత్తీగలు తెగిపడినచో 1912 పిలువవలెను. ఈ నాలుగు సంఖ్యలు కాగితము మీద వ్రాసి సంచిలో పెట్టుకొనుట మేలు. ఫోనులో ఛార్జి అయిపోవచ్చును గాని కాగితమునకు ఆ బాధ లేదు.

తీగ బండిమీద పడినచో నియమము మాఱును. అప్పుడు నిప్పు అంటుకొననంతవఱకు బండిలోనివారు దిగరాదు, బండిని క్రింద నున్నవారు తాకరాదు. ఒక చేయి బండిమీద, ఒక కాలు నేలమీద ఉన్నచో విద్యుత్తు దేహముగుండ పోవును. నిప్పు లేచి దిగక తప్పనప్పుడు మాత్రము రెండు కాళ్ళు దగ్గఱగా చేర్చి ఒక్కసారి క్రిందికి దుమికి, పాదములు ఎడము చేయక, నేలకు ఆన్చియే చిన్నచిన్నగా జరుపుచు దూరముగా పోవలెను.

యంత్రమున కేమైనది?

ఇల్లాలు మరమ్మతు చేయనక్కఱలేదు. కాని యేమి జరుగుచున్నదో తెలిసియున్నచో ఎంతసేపు పట్టునో ఊహించి, ఎండలో కాచుకొనవలెనా, వేఱు బండి చూచుకొనవలెనా యని నిర్ణయింపగలదు.

మన ప్రాంతమున మొదటి కారణము వేడి. మిరపపొట్టు, పత్తిపీచు, దారిదుమ్ము చేరి రేడియేటరు జల్లెడ మూసికొనిపోవును. గాలి లోనికి పోదు, నీరు మరగును, ఆవిరి చిమ్మును. బెల్టు తెగినను ఇదే జరుగును. అప్పుడు రేడియేటరు మూత తీయుట, కూత వేయుచున్న ప్రెషరు కుక్కరు మూతను బలవంతముగా ఊడదీయుట వంటిది. మరగునీరు ముఖముమీదికి చిమ్మి జన్మకంతటికి మచ్చ మిగులును. కనీసము అరగంట నీడపట్టున చల్లారనిచ్చి, మందపు గుడ్డ వేసి, మూతను కొంచెము త్రిప్పి ఆవిరి పోయిన పిమ్మటనే తీయవలెను. కాలిన ఇంజనుమీద చన్నీళ్ళు గుమ్మరింపరాదు. ఎఱ్ఱగా కాలిన పెనముమీద చన్నీళ్ళు పోసిన నేమగునో మనకు తెలియును. పోతయినుము అట్లే పగులును. నీళ్ళు కొంచెము కొంచెముగా పోయవలెను. జల్లెడను కుచ్చుతో దులుపవలెను.

రెండవది డీజిలు అయిపోవుట. ఇది సిగ్గుపడవలసిన కారణమగుటచే డ్రైవరు త్వరగా ఒప్పుకొనడు. డీజిలు తెచ్చి పోసినంత మాత్రమున ఇంజను కదలదు. ఖాళీయైన గొట్టములలో గాలి చేరును. ఫిల్టరు పైనున్న చిన్న స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొట్టుచు, బుడగలు పోయి డీజిలు మాత్రమే కారువఱకు ఆగి, స్క్రూ బిగింపవలెను. తెలిసినవానికి ఇది స్వల్పకాలపు పని. తెలియనివాడు బ్యాటరీ చచ్చువఱకు స్టార్టరు త్రిప్పుచుండును.

మూడవది చక్రము గాలి పోవుట. రేగడినేలలో జాకీ ఎత్తినకొలది నేలలోనికే దిగిపోవును. అందుకే క్రింద చెక్క వేయవలెనంటిమి. చక్రపు నట్లను జాకీ ఎత్తకముందే కొంచెము వదులు చేసికొనవలెను. ఆ సమయమున ట్రక్కులో పసిబిడ్డ కూడ నుండరాదు. బిగించునప్పుడు నట్లను వరుసగా గాక ఎదురెదురుగా బిగించినచో చక్రము సరిగా కూర్చుండును.

నాలుగవది అన్నిటికన్న ఎక్కువ మోసము చేయునది: ట్రక్కును కలుపు పిన్ను. అది అరిగి విఱిగినను, దాని అడుగున నుండు తాళపుకమ్మి ఊడినను ట్రక్కు విడిపోవును. మరమ్మతు కొఱకు డ్రైవరు తానే పిన్ను తీయునప్పుడును ఇట్టి యపాయమే కలదు. రెండు చక్రముల ట్రక్కు ఉయ్యాలబల్ల వంటిది. జనము వెనుకవైపు కూర్చుండి యుండగా ముందు పిన్ను తీసినచో, నొగ ఒక్కసారి పైకి లేచి ట్రక్కు వెనుకకు ఒరగును. లేచు నొగ పిన్ను తీయువాని దవడకు తగులును, వెనుకనున్నవారు నేలబడుదురు. కావున అందఱు దిగి, సామాను సరిచేసి, నొగ క్రింద ఊతము పెట్టిన పిమ్మటనే పిన్ను తీయనీయవలెను. ఈ మాటను డ్రైవరునకు గట్టిగా చెప్పుటకు సందేహింపరాదు.

రేగడిలో దిగబడినచో

అకాలవర్షము కురిసినప్పుడు దారి తప్పించి చేనిలోనుండి పోవలెనని చూచి, నల్లరేగడిలో దిగబడుట మన రైతుల కందఱకు అనుభవమే. చక్రము త్రిప్పినకొలది గుంట లోతగును. దిగబడిన వెంటనే ఇంజను నిలిపి, జనమును దింపి, సామాను తగ్గించి, చక్రముల ముందు మట్టి త్రవ్వి దారి చేయవలెను. ఆ కాలమున చేలగట్లమీద కుప్పలుగా పడియుండు పత్తికట్టెను రైతు నడిగి తెచ్చి, చక్రముల ముందు అడ్డముగా పఱచినచో పట్టు దొరకును.

తొందరపాటున కొందఱు పెద్దచక్రమునకు కఱ్ఱ కట్టి, కఱ్ఱ నేలకు తన్ని బయటికి రావలెనని చూతురు. అది చేయరాని పని. వెనుకచక్రము కదలనప్పుడు ఇంజను బలము ట్రాక్టరు ముందుభాగమును పైకెత్తును. క్షణములో ట్రాక్టరు వెనుకకు తిరుగబడి, డ్రైవరు దాని క్రింద పడును. కేక వేయుటకు కూడ వ్యవధి యుండదు.

వేఱొక ట్రాక్టరుతో లాగించునప్పుడు

తిరునాళ్ళ దారిలో సహాయము కొదువ కాదు. వెనుక వచ్చుచున్న ఊరివారు తమ ట్రాక్టరు నాపి మోకు విసరుదురు. ఆ మంచితనము మన సీమ సొమ్ము. కాని లాగుటలోనే అపాయ మెక్కువ. లాగు ట్రాక్టరునకు మోకును క్రిందనున్న ఇనుపపట్టె కడనే కట్టవలెను. ఎత్తున కట్టినచో పైన చెప్పినట్లు ముందుచక్రములు లేచి బండి వెనుకకు తిరుగబడును. మొదట మోకు బిగువగువఱకు మెల్లగా పోనిచ్చి, ఆపైన తక్కువ గేరులో నిదానముగా లాగవలెను, కుదిపి లాగరాదు. బిగిసిన మోకు తెగినచో కొరడావలె కొట్టును. సాగు గుణము గల నైలాను మోకు మఱింత బలముగా కొట్టును. అందుచే మోకు పొడవున కెంత దూరమో, దానికి మించిన దూరమున అందఱు నిలువవలెను. మోకును దాటుట, దానిమీద చేయి వేయుట కూడదు. నడుమ నొక ఎఱ్ఱగుడ్డ కట్టినచో దారిన పోవువారికి కనబడును.

1989వ సంవత్సరపు రహదారి నిబంధనలలో, లాగు బండికిని లాగబడు బండికిని నడుమ ఎడము 5 మీటర్లకు మించరాదనియు, లాగబడు బండిలో లైసెన్సు గలవాడు స్టీరింగు కడ నుండవలెననియు, మోకు స్పష్టముగా కనబడవలెననియు విధించిరి. 2017లో ఆ నిబంధనలకు బదులు క్రొత్తవి వచ్చినవి గాని, ఆ జాగ్రత్తల వెనుకనున్న బుద్ధి పాతబడునది కాదు. చెడిన ట్రాక్టరును, దాని ట్రక్కును కలిపి యొకేసారి లాగింపరాదు. ట్రక్కును విడదీసి వేఱుగా తేవలెను. లాగబడుచున్న దేనిలోను జనము కూర్చుండరాదు. మైలు దూరమైనను నడువవలెను, లేదా మఱొక బండి కొఱకు కాచుకొనవలెను.

బసలో

కొండక్రింద చేరిన పిమ్మట నీడ కొఱకు ట్రక్కు క్రింద చాప పఱచి పిల్లలను పరుండబెట్టుట వాడుక. దిమ్మలు పెట్టని ట్రక్కు జనము త్రోపునకే కదలును. ప్రక్కనున్న ట్రాక్టరు వెనుకకు తీయు డ్రైవరునకు క్రింద పరుండిన పిల్లలు కనబడరు. నీడ కావలెనన్నచో పట్టను ట్రక్కు ప్రక్కకు చాచి గుంజలు పాతి, దాని క్రింద పరుండవలెను. పొయ్యిని డీజిలు డబ్బాకు, గడ్డికి దూరముగా గాలివాలు చూచి పెట్టవలెను. తాళపుచెవి ఇంజనులో విడువక ఇంటి పెద్ద దగ్గఱ నుంచవలెను; ఆటకై ఎక్కిన పిల్లవాడు చెవి త్రిప్పినచో బండి గేరులో నున్నప్పుడు ముందుకు దూకవచ్చును.

ప్రభలు వచ్చునప్పుడు మఱింత దూరముండవలెను. మేడలకన్న ఎత్తుగా కట్టి, విద్యుద్దీపములతో నలంకరించిన ప్రభను నలువైపుల మోకులు పట్టి, ఎడ్లతోను ట్రాక్టర్లతోను లాగి తెత్తురు. లాగునది నిలిచినచో అంత యెత్తు ప్రభ ఊగును. మోకు పట్టినవారు పరుగిడుదురు. ఎద్దులు లాగిన దినములలోను ఈ భయము కలదు. 1909వ సంవత్సరపు తిరునాళ్ళలో ఎడ్లు బెదరి జనము మీదికి పోగా పోలీసులు కాల్పులు జరిపిరనియు, దానినుండి పెద్ద దొమ్మీ పుట్టెననియు ఈ ప్రాంతమువారు నేటికిని చెప్పుకొందురు. ఆ కేసులో చిన్నపరెడ్డికి ఉరిశిక్ష పడినది. లాగునది పశువైనను యంత్రమైనను, అది వశము తప్పినప్పుడు మొదట నలుగువారు దగ్గఱ నిలిచినవారే.

ఇంటిలో ముందే తేల్చుకొనవలసిన మాట

పైని జాగ్రత్తలలో కష్టమైనది యొక్కటియు లేదు, ఖర్చైనదియు లేదు. అయినను సమయమునకు ఇవి జరుగకుండుటకు కారణము వేఱు. మన ఊరి బండి ముందు చేరవలెనను పంతము, ప్రభ వేళకు అందవలెనను ఆత్రము, నలుగురిలో బండి చెడెనను చిన్నతనము మగవారిని తొందరపెట్టును. ఆడువారు “మన కెందుకులే” అని ఊరకుందురు. ఆ తొందరకు, ఈ మౌనమునకు నడుమ పిల్లలు ట్రక్కులో కూర్చుండియే యుందురు.

అందుచే, సోదరీమణులారా, మీకు మా విన్నప మిది. బయలుదేరు ముందురాత్రి భోజనముల వేళ, ఇంటిలో అందఱు నుండగా ఒక యేర్పాటు చేసికొనుడు. ట్రక్కులో నున్నవారిలో పెద్దావిడ – అత్తగారు గాని, పెద్దమ్మ గాని – “దిగుడు” అన్నచో మాఱుమాట లేక అందఱు దిగవలెను. ఆమె “అందఱు దిగిరి” అని చెప్పునంతవఱకు డ్రైవరు పానా ముట్టరాదు, పిన్ను తీయరాదు, మోకు కట్టరాదు. ఇంటిలో ఎవరు ముందు భోజనము చేయవలెనో నిర్ణయించు అధికారము ఆమెకు ఉన్నదే. దారిలో ఎవరు ముందు క్షేమముగా నుండవలెనో నిర్ణయించు అధికారము కూడ ఆమెకే యిచ్చుటలో ఎవరికిని గౌరవలోపము లేదు.

కొండ నెక్కుచు భక్తులు “చేదుకో కోటయ్యా” అని కేక వేయుదురు. నూతినుండి నీటిని చేదుకొన్నట్లు మమ్ము నీ దగ్గఱకు లాగుకొనుమని దాని భావము. స్వామి లాగుకొనుట నిజమే కావచ్చును. ఆ దారిలో మన బిడ్డలను ట్రక్కునుండి దింపి గట్టుమీద కూర్చుండబెట్టు పని మాత్రము ఆయన మనకే విడిచినాడు.